టిఫాలో లోపం కనిపిస్తే: మైక్రోఅర్రేనా, ఎక్సోమా?

గుంటూరులోనో విజయవాడలోనో ఇరవయ్యో వారం టిఫా స్కాన్‌లో (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) బిడ్డ గుండెకో మెదడుకో లోపం కనిపిస్తే, ఉమ్మనీరు తీయిద్దామంటారు డాక్టరు. దాన్ని మైక్రోఅర్రే, ఎక్సోమ్ అనే రెండు జన్యు పరీక్షల్లో దేనికి పంపాలన్నదే ప్రశ్న.

సూది ప్రమాదం: రెండింటికీ ఒకటే. ఒకసారి తీసిన 20 మి.లీ. ఉమ్మనీరు రెండింటికీ సరిపోతుంది. మొదటి 2 మి.లీ. వాడకూడదు. అందులో తల్లి కణాలు కలిసి ఉంటే ఫలితమే తప్పుతుంది.

దొరికేది: మైక్రోఅర్రేలో క్రోమోజోముల్లో ఊడిన, అదనంగా చేరిన ముక్కలు. ఎక్సోమ్‌లో జన్యువులో ఒక్క అక్షరం మారినా. ఫ్రాజైల్ ఎక్స్ (వంశపారంపర్యంగా వచ్చే ఒక మేధో వైకల్యం) మాత్రం రెండిటికీ అందదు.

ఖర్చు: ఎక్సోమ్‌కే ఎక్కువ. దానికి ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబుల్లో (రక్తం గడ్డకట్టనివ్వనివి) తల్లిదండ్రుల రక్తం కూడా పంపాలి. డబ్బు కలిసొస్తుందని దీన్ని మాత్రం మానకండి. మార్పు కొత్తగా వచ్చిందా, అమ్మానాన్నల నుంచి వచ్చిందా తేలక, ‘ప్రాముఖ్యం తెలియని మార్పు’ అని రాసిన రిపోర్టు పట్టుకుని కుటుంబం నలిగిపోతుంది.

సమయం: మైక్రోఅర్రేకి సుమారు రెండు వారాలు, ఎక్సోమ్‌కి మూడు నాలుగు. 2021 గర్భస్రావ చట్ట సవరణ ప్రకారం 24 వారాలు దాటాక, తీవ్ర లోపమని మెడికల్ బోర్డు తేలిస్తేనే గర్భస్రావం.

స్కాన్‌లో ఒకే చోట లోపం, వారాలు చేతిలో ఉంటే ముందు మైక్రోఅర్రే. మేనరికమైనా, ముందు కాన్పులోనూ ఇదే లోపం వచ్చినా ఎక్సోమ్ తప్పదు. 21 వారాలు దాటితే రెండూ ఒకేరోజు పంపించండి.