కలగలుపు ఛానలా, ఒకే సరుకు ఛానలా, ఓటీటీయా: ఏది మేలు?

పొద్దున్నే వ్యాయామం, ఆ తర్వాత వార్తలు, కాసేపటికి పిల్లల పాఠం, మధ్యాహ్నం సీరియల్, సాయంత్రం రైతుల కార్యక్రమం, రాత్రి సంగీత కచేరీ, ఆ పైన ఓ డాక్యుమెంటరీ. ప్రజల సొమ్ముతో నడిచే కలగలుపు ఛానల్‌లో ఒక రోజు దాదాపు ఇలాగే గడుస్తుంది. దానికి పోటీగా రెండున్నాయి. ఒకటి, రోజంతా ఒకే సరుకు ఇచ్చే ఛానల్: వార్తలైతే వార్తలే, ఆటలైతే ఆటలే. రెండోది ఓటీటీ, అడిగినప్పుడు అడిగింది ఇచ్చేది. ఈ మూడింటినీ నేను వాడతాను. అయితే మూడింటికీ ఉన్న తేడా నాకు తెలిసొచ్చింది మాత్రం మా నాన్నగారి పక్కన కూర్చుని టీవీ చూడటం మొదలుపెట్టాకే.

ఒకే సరుకు ఛానళ్ల గురించి ముందు చెప్పేస్తాను. అమెరికాలో 1979లో ఆటలకు ఈఎస్‌పీఎన్, 1980లో వార్తలకు సీఎన్ఎన్, 1981లో పాటలకు ఎంటీవీ వచ్చాయి. తుపాను తీరం దాటుతున్న రాత్రో, ఓట్లు లెక్కిస్తున్న రోజో వార్తా ఛానల్‌కు సాటి లేదు. చిక్కంతా ఏమీ జరగని రోజునే. విషయం ఉన్నా లేకపోయినా ఆ గంటలన్నీ నింపాలి కదా. అందుకని పది నిమిషాల సంగతిని సాయంత్రం దాకా సాగదీస్తారు, నలుగురిని కూర్చోబెట్టి వాదన పెట్టిస్తారు. రెండు గంటలు చూసి లేస్తే తెలిసింది తక్కువ, మిగిలింది టెన్షన్.

ఓటీటీ మీద నాకు కోపం లేదు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఇంటికి చేరే మనిషికి ఛానల్ టైమ్‌టేబుల్‌తో పనేముంది? ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు, వినికిడి తగ్గినవాళ్లు కింద అక్షరాలు పెట్టుకోవచ్చు. కానీ అది మనం నిన్న చూసినదాన్ని బట్టే ఇవాళ చూపిస్తుంది. రెండు హత్య కథలు చూశామంటే మూడోది సిద్ధంగా ఉంటుంది. మనకు ఏమాత్రం పరిచయం లేని విషయాన్ని తనంతట తాను తెచ్చి ముందు పెట్టడం చాలా అరుదు.

కలగలుపు ఛానల్ బలం సరిగ్గా అక్కడే ఉంది. బ్రిటన్ ప్రజా ప్రసార సంస్థ బీబీసీ తొలి డైరెక్టర్ జనరల్ జాన్ రీత్ రేడియో రోజుల్లోనే మూడు పనులు చెప్పారు: సమాచారం ఇవ్వాలి, చదువు చెప్పాలి, వినోదం పంచాలి. 1936 నవంబర్ 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ టీవీ క్రమం తప్పని ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు ఆ మూడూ టీవీకీ వచ్చాయి. మూడూ ఒకే ఛానల్‌లో ఉండటమే ముఖ్యం. వినోదం కోసం వచ్చినవాడు మధ్యలో చదువును దాటుకుని వెళ్లాలి.

1965 నుంచి 1969 దాకా బీబీసీ రెండో ఛానల్‌ను నడిపింది డేవిడ్ అటెన్‌బరో. కళల చరిత్రా, హాస్యమూ, స్నూకర్ ఆటా ఒకే ఛానల్‌లో సర్దుకున్న కాలమది. స్నూకర్ ఎందుకంటే, 1967లో ఆ ఛానల్‌కు రంగులొచ్చాయి. రంగు బంతుల ఆట రంగుల తెరకు చక్కగా సరిపోతుంది. అలా 1969లో మొదలైన స్నూకర్ కార్యక్రమంతో అంతకుముందు ఆ ఆట జోలికి వెళ్లనివాళ్లు కూడా దాన్ని చూశారు. వాళ్లెవరూ స్నూకర్ కావాలని వెతికి ఉండరు.

ప్రోగ్రాములు పేర్చేవాళ్లు దీన్ని తెలిసే చేస్తారు. జనం ఎగబడి చూసే రెండింటి మధ్య ఎవరూ కోరని ఒకదాన్ని ఊయలలా కడతారు. మొదటిది చూసినవాళ్లు రెండోదాని కోసం కూర్చుంటారు కాబట్టి మధ్యలోదీ చూస్తారు. చేతికి రిమోట్ వచ్చాక ఆ ఊయల తాళ్లు వదులయ్యాయి. ఛానల్ మార్చకుండా ఉండే ఓపిక మనకు లేకపోతే కలగలుపు ఛానల్ చేయగలిగింది ఏమీ లేదు.

మా ఇంట్లో ఆ ఓపిక నాన్నగారిది. ఆయనకు ఫోన్ తెర మీది అక్షరాలు ఆనవు, ఓటీటీలో వెతుక్కోవడం రాదు. ఛానల్ అయితే ఒకసారి పెడితే చాలు. సాయంత్రం వార్తలయ్యాక మాత్ర, కచేరీ అయ్యాక పడక. వార్తల కోసం ఎదురుచూస్తూ ఒకరోజు తేనెటీగల పెంపకం మీద కార్యక్రమం చూశారు. జీవితంలో పొలం పని ఎరగని మనిషి, మర్నాడు నన్ను కూర్చోబెట్టి రాణి ఈగ గుడ్లు పెట్టే తీరంతా చెప్పారు. ఆయన అంత ఉత్సాహంగా మాట్లాడి చాలా రోజులైంది. అదే నేను ఆయనకు ఓటీటీలో ఏదైనా వెతికి పెట్టాల్సి వస్తే పాత సినిమా పెట్టేవాణ్ణి. తేనెటీగలు నాకు తట్టేవే కావు.

లోపాలు లేవని కాదు. టైముకు కూర్చోకపోతే కార్యక్రమం పోయినట్టే. బ్రిటన్‌లో టీవీ లైసెన్సు రుసుము, జపాన్‌లో అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే రుసుము ఉన్నాయి. ఆ ఛానల్ చూడకపోయినా చెల్లించాల్సి రావచ్చు. అన్నిటికన్నా పెద్ద లోపం వార్తల్లో. డబ్బూ నియామకాలూ ప్రభుత్వం చేతిలో ఉన్నచోట, ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన వార్త మెత్తబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి వార్తల మట్టుకు ఆ ఒక్క ఛానల్ మీదే ఆధారపడొద్దని గట్టిగా చెబుతాను. దాంతోపాటు ఓ దినపత్రికైనా చదవాలి.

మరో సంగతి, ఒకప్పుడు టీవీ ప్రసారాలకు విరామం ఉండేది. బ్రిటన్‌లో 1957 దాకా సాయంత్రం 6 నుంచి 7 వరకు ప్రసారాలు ఆపేవారు, పిల్లల్ని పడుకోబెట్టడానికి. ఐస్‌లాండ్ ప్రజా టీవీ 1987 దాకా గురువారాలు ప్రసారమే చేయలేదు. ఇప్పుడు చాలా ఛానళ్లు అలా ఆగవు గానీ, ఒక కార్యక్రమం అయిపోయి ఇంకోటి మొదలయ్యే సందులో మనిషి లేచి వెళ్లగలడు. ఓటీటీలో తర్వాతి భాగం దానంతటదే మొదలవుతుంది.

అందుకే పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి కూర్చునే ఇంటికి కలగలుపు ఛానలే మేలంటాను. పని వేళలు కుదరనివాళ్లకు ఓటీటీ. అందులోనూ బీబీసీ 2007లో తెచ్చిన ఐప్లేయర్ లాంటి ప్రజా ప్రసార సంస్థల సేవలుంటే ముందు అవి. వార్తా ఛానల్‌కు ఏదైనా పెద్ద ఘటన జరిగిన రోజున ఒక గంట చాలు.

మా ఇంట్లో సాయంత్రం 6 నుంచి ఎనిమిదిన్నర దాకా రిమోట్ నాన్నగారిదే. నిన్న కచేరీ మొదలవుతుండగా నేను ఫోన్ తీశాను. "కాసేపు ఆగరా, వయొలిన్ ఇంకా ఎత్తుకోలేదు" అన్నారు. ఫోన్ పక్కన పెట్టాను.