యూనిట్‌కు 46 డాలర్లు: మా కమ్యూనిటీ కాలేజీ

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చిన ఎనిమిదేళ్లకు మళ్లీ పుస్తకం పట్టాను. ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో, సాయంత్రం అకౌంటింగ్ క్లాసు. నాలుగు యూనిట్లు (యూనిట్ అంటే కోర్సు ఎంత పెద్దదో చెప్పే లెక్క). కాలిఫోర్నియా నివాసులకు యూనిట్‌ 46 డాలర్లే, అంటే 184. పైన చిన్నచిన్న ఫీజులు. రాష్ట్ర బడ్జెట్‌లో స్కూళ్లకూ ఈ కాలేజీలకూ కనీస వాటా ఇవ్వాల్సిందేనని 1988లో ఓటర్లు ప్రపోజిషన్ 98 అనే ప్రతిపాదనను ఓటేసి ఆమోదించారు. ఆ డబ్బుతోనే నాలాంటివాళ్లం చదువుతున్నాం.

డెబిట్, క్రెడిట్ అర్థంకాక ఏడుపొచ్చిన రోజు మేడమ్ గంటసేపు పక్కన కూర్చుని చెప్పారు. ఆవిడకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

బాధల్లా సీటు గురించే. రెండు సెమిస్టర్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాను, ఒకటే టెన్షన్. రాష్ట్ర బడ్జెట్ ఏటా జూన్ 15లోగా పాస్ కావాలి. అందుకే సాయంత్రం క్లాసులకు నిధులు పెంచమని మా ఏరియా ప్రతినిధికి ఉత్తరం రాశాను.