షిబుయా అల్టిమా సైట్: గురి కుదరడంలో దాని పాలెంత?

కొసలు ముందుకు వంగి ఉండే రికర్వ్ విల్లుకు గురి చూడటానికి బిగించే పరికరాల్లో, అంటే సైట్లలో, జపాన్‌కు చెందిన షిబుయా వారి అల్టిమాకు పోటీ మైదానాల్లో చాలాకాలంగా మంచి పేరుంది. కొత్తగా నేర్చుకునేవారు వాడే చెక్క విల్లు కంటే ఈ సైట్ ఒక్కదానికే ఖరీదెక్కువ. అందువల్ల దీన్ని కొంటే పిల్లల స్కోరు నిజంగా పెరుగుతుందా అన్న ప్రశ్న విజయవాడలోని సాధన మైదానాల దగ్గర తల్లిదండ్రుల నోట తరచూ వినిపిస్తుంది. పెరుగుతుంది గానీ, అందుకు బాణాలు ముందే ఒకచోట గుమిగూడుతూ ఉండాలి.

ముందు పరికరం సంగతి. గురి చూసే పిన్ ఉన్న, నిలువు పట్టీ మీది బ్లాకును బటన్ నొక్కి ఒక్కసారిగా పైకీ కిందికీ జరపవచ్చు. సన్నని సవరణకు నాబ్ తిప్పితే ప్రతి మెట్టుకూ వేలికి స్పష్టంగా క్లిక్ తెలుస్తుంది. విండేజ్, అంటే పిన్‌ను ఎడమకీ కుడికీ జరిపే సవరణ, కూడా అంతే. ఆ క్లిక్ ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క చెబుతుంది. కంటికీ సైట్ పిన్‌కూ మధ్య దూరం సుమారు 85 సెంటీమీటర్లు అనుకుంటే, పిన్ 1 మిల్లీమీటరు జరిగితే 70 మీటర్ల దగ్గర బాణం దాదాపు 8 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 122 సెంటీమీటర్ల లక్ష్యపటం మీద పది పాయింట్ల వలయం వ్యాసమే 12.2 సెంటీమీటర్లు కనుక, నడిమధ్యన తగలవలసిన బాణం ఆ ఒక్క మిల్లీమీటరుతో తొమ్మిదిలోకి జారుతుంది. చవక సైట్లలో మర కాస్త వదులైనా పిన్ అంత మేర కదిలిపోవడం పెద్ద వింతేమీ కాదు. అల్టిమాలో నాకు ఆ కదలిక కనబడలేదు. డబ్బు పెట్టేది దీనికే.

బిగించడంలో మాత్రం తొందర పనికిరాదు. రికర్వ్ పోటీల్లో సైట్‌కు నీటిమట్టం బుడగను అనుమతించరు కనుక విల్లు నిలువుగా ఉందో లేదో కన్నే చూసుకోవాలి. వింటినారి రెండు లింబులనూ (విల్లు పైనా కిందా వంగే భాగాలను) సరిగ్గా సగానికి విభజించేలా పట్టుకుని, పిన్‌ను పట్టీ పైకొస నుంచి కిందికొస వరకు జరిపినప్పుడు నారికీ పిన్‌కూ మధ్య ఎడం మారకూడదు. మారిందంటే పట్టీ ఒరిగినట్టే. అప్పుడు 30 మీటర్ల దగ్గర నడుమ తగిలిన బాణాలు 70 మీటర్లకు వెళ్లేసరికి ఒక పక్కకు పోతాయి, గాలిని నిందించి లాభం ఉండదు. ఆ తరువాతి సవరణకు సూత్రం సులువు: బాణం ఎటు పోతే పిన్‌ను అటే జరపాలి. ఎడమకు పోతే ఎడమకు, పైకి పోతే పైకి. అయితే ఒక్క బాణాన్ని చూసి నాబ్ పట్టుకోకూడదు, లక్ష్యం మీద పడిన బాణాల మొత్తం గుంపు మధ్యభాగాన్ని చూడాలి.

సైట్ గుంపును జరుపుతుందే తప్ప దగ్గరకు చేర్చదు. చెల్లాచెదురుగా పడే బాణాలకు కారణం సాధారణంగా నిలబడే తీరులోనే దొరుకుతుంది. పాదాలు భుజాల వెడల్పున ఉండి, బరువు రెండింటి మీదా సమంగా పడాలి. విల్లు పట్టిన భుజం చెవి వైపు లేవకూడదు. తలను నారి దగ్గరకు చాచడం కాదు, నారే ముఖం దగ్గరకు రావాలి. అది ముక్కునూ గడ్డాన్నీ ప్రతిసారీ అదే చోట తాకాలి. గడ్డం దగ్గర ఆ చోటు కాస్త కిందికి జారినా బాణం వెనుక కొస కిందికి దిగి, పిన్ కదలకుండానే బాణం పైకి పోతుంది. కంటి ముందు మసకగా కనిపించే నారి నీడను కూడా రైజర్ (విల్లు నడిమి పిడి భాగం) అంచుకో పిన్‌కో పక్కగా, ఎప్పుడూ ఒకే స్థానంలో నిలుపుకోవాలి. ఇవేవీ కుదరని దశలో ఎంత ఖరీదైన క్లిక్ అయినా తప్పును మరింత కచ్చితంగా అటూ ఇటూ జరపడానికే పనికొస్తుంది.

పిన్ ఎంపికలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. సన్నని చుక్క పెడితే చేతి వణుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని ఆపాలన్న ఆరాటంలో వీపు కండరాల లాగుడు ఆగిపోయి, బాణం పూర్తిగా లాగామని టక్కుమని తెలిపే క్లిక్కర్ పడక, విల్లు ఇంకా ఊగుతుంది. కాస్త పెద్ద వలయమైతే లక్ష్యం నడిమి పసుపు రంగు అందులో తేలుతున్నా మనసు నిలకడగా ఉంటుంది.

సైట్‌ను విల్లు నుంచి ముందుకు చాచే పట్టీ పొడవు గురించి కూడా హెచ్చరించాలి. పూర్తిగా చాపితే సవరణ సున్నితమవుతుంది గానీ, తక్కువ పౌండ్ల (లాగడానికి తక్కువ బలం చాలే) విల్లుతో 70 మీటర్లకు వేసే పిల్లలకు పిన్ బాగా కిందికి దిగి, బాణం ఈకలు సైట్‌కు తగిలే ప్రమాదం ఉంది. అలాంటివారు పట్టీని లోపలికి జరుపుకోవాలి.

మరో మాట: ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన మన జ్యోతి సురేఖను చూసి ఇది కొనాలనుకునేవారు, ఆమెది కొసల్లో కప్పీలుండే కాంపౌండ్ విల్లని గమనించాలి. అందులో కటకమూ, నీటిమట్టం బుడగా, నారిలో కన్ను పెట్టి చూసే పీప్ రంధ్రమూ ఉంటాయి. ఆ సైట్ వేరు. రికర్వ్‌లో మన ఒలింపిక్ విలుకాడు ధీరజ్ బొమ్మదేవర బాటలో నడవాలనుకునే పిల్లలకే ఈ సమీక్ష వర్తిస్తుంది. వారు కూడా మొదటి రోజుల్లో సాధారణ సైట్‌తోనే నేర్చుకుని, గుంపు దగ్గరపడ్డాక అల్టిమాకు మారితే చాలు. రైజర్లకు ఉండే ప్రామాణిక రంధ్రాలకే ఇది బిగుస్తుంది కాబట్టి, ఆ తరువాత విల్లు మార్చినా సైట్ మళ్లీ కొనవలసిన పని ఉండదు.