మేడ మీద షవర్‌కి ప్రెషర్ పంపు: కోనసీమ బోరు నీళ్ళతో నాలుగేళ్ళు వాడాక

ముందే చెప్పేస్తున్నా, పంపు పెట్టించుకున్నందుకు మా ఇంట్లో అందరం సంతోషంగానే ఉన్నాం. కానీ కొనేటప్పుడు షాపు వాళ్ళు చెప్పిన మాటలకీ, నాలుగేళ్ళ పైగా వాడాక నాకు అర్థమైన సంగతులకీ చాలా తేడా ఉంది. ఎన్ని హెచ్‌పీ, ఏ కంపెనీ అన్నది తర్వాతి మాట. మీ ట్యాంకు ఎంత ఎత్తులో ఉంది, మీ నీళ్ళు ఎలాంటివి, పంపు చుట్టూ పైపులు ఎలా కలిపారు, ఈ మూడూ చూసుకుంటే చిన్న పంపు చాలు. ఇవి చూసుకోకపోతే ఎంత ఖరీదైనది తెచ్చినా రెండో వేసవి నాటికి మూలన పడుతుంది.

మాది అమలాపురం దగ్గర ఊరు. కింద ఒక వాటా, పైన ఒక వాటా, డాబా మీద వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. కింద బాత్రూంలో షవర్ ఫర్వాలేదు. పైన వాటాలో మాత్రం నీళ్ళు సన్నగా కారేవి, తలకి షాంపూ పెట్టుకుంటే కడుక్కోవడానికి చెంబూ బకెట్టూ దగ్గర పెట్టుకోవాల్సి వచ్చేది. ఇది చాలా ఇళ్ళలో ఉన్న బాధే, కారణం కూడా తేలికే. పది మీటర్ల ఎత్తు నీళ్ళుంటే వచ్చే ఒత్తిడి దాదాపు ఒక బార్. మా ట్యాంకులో నీటి మట్టం నుంచి పై వాటా షవర్ దాకా కొలిస్తే రెండున్నర మీటర్లు, అంటే పావు బార్, అదీ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు. కింద వాటాకి ఇంకో మూడు మీటర్లు కలుస్తుంది కాబట్టి అక్కడ అర బార్ పైన వస్తుంది. మామూలు షవర్ బాగా పనిచేయాలంటే అర బార్ నుంచి ఒక బార్ దాకా ఉండాలి. ఇప్పుడు అందరూ పెట్టించుకుంటున్న ఎనిమిదంగుళాల పెద్ద షవర్లకి అంతకంటే ఎక్కువే కావాలి.

ట్యాంకు కింద దిమ్మ ఎత్తు పెంచేయమని మాకు చాలామంది సలహా ఇచ్చారు. ఒక మీటరు పెంచితే ఒత్తిడి పెరిగేది బార్‌లో పదో వంతు. షవర్‌లో తేడా తెలియాలంటే కనీసం నాలుగైదు మీటర్లు లేపాలి, అంటే వెయ్యి లీటర్లు, టన్ను బరువు, మేడ మీద ఇంకో మేడంత ఎత్తున పెట్టాలన్నమాట. 1996 నవంబరు తుపాను చూసిన వాళ్ళెవరూ కోనసీమలో ఆ పని చేయరు. మా మామగారు ఆ మాట వినగానే వద్దనేశారు, నాకూ అదే సరైనదనిపించింది.

పంపు కొనే ముందు ఒక పని తప్పకుండా చేయండి. షవర్ తల విప్పేసి, ఉత్తి పైపు నుంచి వచ్చే నీళ్ళని బకెట్లో పట్టి, నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. మా ఇరవై లీటర్ల బకెట్టు మూడు నిమిషాల లోపే నిండింది, అంటే నిమిషానికి ఏడు లీటర్ల వరకు వస్తున్నాయి, షవర్ తల బిగిస్తే అందులో సగం కూడా రావట్లేదు. విప్పి చూస్తే చిల్లులన్నీ గార పట్టి పూడుకుపోయి ఉన్నాయి. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి సూదితో పొడిస్తే కొంత బాగుపడింది. మాకు అది చాలలేదు గానీ మీలో కొందరికి ఇదే సరిపోవచ్చు, పంపు ఖర్చే మిగులుతుంది. అలాగే గోడలో ఉండే డైవర్టర్, ఒకే హ్యాండిల్‌తో వేడి చల్లవి తిప్పేది, దాని లోపలి కార్ట్రిడ్జ్ దారి చాలా ఇరుకు, ట్యాంకు ఒత్తిడికి అక్కడే సగం బలం పోతుంది. ఉత్తి పైపులోంచే నీళ్ళు సన్నగా వస్తుంటే మాత్రం పైపు ఎక్కడో పూడిందనో, అడ్డదిడ్డంగా అరంగుళం లైను వేశారనో అర్థం, ముందు అది బాగు చేయించుకోవాలి.

పంపుల్లో మూడు రకాలు చూశాను. మొదటిది అర హెచ్‌పీ మోటారుకి ఎర్రటో నీలమో ప్రెషర్ ట్యాంకు, ప్రెషర్ స్విచ్ కలిపి ఇచ్చేది. ఇల్లంతటికీ, రెండు మూడు బాత్రూంలు ఒకేసారి వాడినా సరిపోతుంది, కానీ శబ్దం ఎక్కువ. ఇంట్లో ఏ కొళాయి బొట్లు బొట్లుగా కారుతున్నా రాత్రిళ్ళు దానంతటదే ఆన్ అయి ఆఫ్ అవుతూ ఉంటుంది. రెండోది ఇన్వర్టర్ రకం, వాడకాన్ని బట్టి వేగం మార్చుకుంటుంది, హాయిగా ఉంటుంది, ధర మాత్రం చిన్న పంపుకి రెండు మూడింతలు. దాని బోర్డు మా ఉప్పుగాలికీ, వేసవిలో తగ్గిపోయే వోల్టేజీకీ ఎన్నాళ్ళు తట్టుకుంటుందోనని నేను దాని జోలికి పోలేదు. మూడోది ఇన్‌లైన్ రకం, పైపు మధ్యలో బిగించే చిన్న పంపు. 120 వాట్ల దగ్గర మొదలవుతాయి, దాదాపు ఎనిమిది తొమ్మిది మీటర్ల హెడ్ (నీళ్ళని అంత ఎత్తుకి తోసే బలం) ఇస్తాయి. నీళ్ళు కదిలితే ఫ్లో స్విచ్ దాన్ని ఆన్ చేస్తుంది, కొళాయి కట్టేస్తే ఆగిపోతుంది. కిర్లోస్కర్, క్రాంప్టన్, సీఆర్ఐ, గ్రండ్‌ఫోస్, అందరి దగ్గరా ప్రెషర్ బూస్టర్లు దొరుకుతాయి. మేం తీసుకున్నది ఈ మూడో రకమే, పై వాటా రెండు బాత్రూంలకి. షాపులో ఒక హెచ్‌పీ తీసుకెళ్ళండి, జీవితంలో చూడక్కర్లేదు అన్నారు గానీ, ఒక హెచ్‌పీ పెడితే పాత కొళాయిల వాషర్లు, హెల్త్ ఫాసెట్ గొట్టాలు ముందు పోతాయి. పావు బార్‌కి ఇంకో ముప్పావు బార్ కలిస్తే చాలు, నాకు కావలసింది స్నానం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ చిన్న ఇన్‌లైన్ పంపు నీళ్ళని కింద నుంచి లాగదు, ట్యాంకు నుంచి నీళ్ళు వాటంతట అవే పంపులోకి దిగాలి. కాబట్టి ట్యాంకు అవుట్‌లెట్ కంటే కిందే బిగించాలి. మునిసిపల్ కొళాయి లైనుకి నేరుగా ఏ పంపూ బిగించొద్దు. అలా బిగించకూడదన్న నిబంధన ఒకటైతే, లైనులో సప్లై లేనప్పుడు పంపు లాగితే ఎక్కడ చిన్న పగులున్నా పక్కన మురుగు అందులోకి వచ్చేస్తుంది.

ఇక బిగింపు. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. మా ప్లంబరు మంచి పనిమంతుడు, అయినా ఆయన మొదట చెప్పిన ప్లాను పైపు కోసి మధ్యలో పంపు పెట్టేయడం. "కరెంటు పోతే ఏంటండీ మరి?" అని అడిగితే "అప్పుడు పంపులోంచే వస్తాయండి ఆయ్, కాకపోతే కొంచెం తగ్గుతాయి" అన్నారు. నిజమే, వస్తాయి, కానీ ముందే సన్నగా వచ్చే నీళ్ళు ఇంకా సన్నబడతాయి, పైగా పంపు రిపేరుకి విప్పితే పై వాటాకి నీళ్ళు బంద్. అందుకే బైపాస్ వేయించాం: పంపుకి సమాంతరంగా ఇంకో పైపు, అందులో ఒక ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్ళని ఒక దిక్కుకే పోనిచ్చే వాల్వు. పంపు తిరుగుతున్నప్పుడు ఎన్‌ఆర్‌వీ మూసుకుంటుంది, లేకపోతే పంపు తోసిన నీళ్ళు బైపాస్‌లోంచి వెనక్కొచ్చి అక్కడే గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి, షవర్‌కి ఏమీ అందదు. కరెంటు లేనప్పుడు ట్యాంకు నీళ్ళు బైపాస్ గుండా మామూలుగా దిగుతాయి. పంపుకి రెండు వైపులా బాల్ వాల్వు, రెండు వైపులా యూనియన్, అంటే విప్పి మళ్ళీ బిగించుకునే జాయింటు. యూనియన్లు ఉంటే సీపీవీసీ పైపు కోయకుండా పంపు చేతిలోకి వచ్చేస్తుంది, ఈ నాలుగేళ్ళలో నాకు అన్నిటికంటే పనికొచ్చినవి అవే.

పంపుకి ముందు వై ఆకారంలో ఉండే స్ట్రెయినర్ (చెత్త పట్టే జాలీ) పెట్టాలి. పంపు మీద బాణం గుర్తు ఉంటుంది, అది నీళ్ళు పోయే దిక్కు. మోటారు షాఫ్టు మాత్రం అడ్డంగా, నేలకి సమానంగా ఉండాలి, పైపు నిలువుగా ఉన్నా సరే. ఈ రకం పంపుల్లో బేరింగులకి నీళ్ళే నూనె, షాఫ్టు నిలువుగా పెడితే పైన గాలి నిలబడి బేరింగు ఎండి అరిగిపోతుంది. డాబా మీద పెడితే వాన తగలకుండా, గాలి ఆడేలా చిన్న గూడు కట్టించండి.

ఎయిర్ పైపు సంగతి చాలామంది ప్లంబర్లు పట్టించుకోరు. ట్యాంకు అవుట్‌లెట్ తర్వాత గాలి పోవడానికి పైకి ఒక పైపు లేపి ఉంచుతారు కదా, అది పంపుకి ముందు ఉండాలి. పంపు తర్వాత ఉంటే, పంపు తిరగగానే అందులోంచి ఫౌంటెన్‌లా నీళ్ళు పైకి చిమ్ముతాయి. గీజరు వేడినీళ్ళ లైను నుంచి ట్యాంకు మీదకి లేపిన పైపు ఉన్నా అంతే. దాన్ని మూయించాల్సి వస్తే గీజరుకి ప్రెషర్ రిలీఫ్ వాల్వు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకున్నాకే మూయించండి. ఆ వాల్వు నుంచి అప్పుడప్పుడు చుక్కలు పడతాయి, పడితే మంచిదే, విసుగేసి దాన్ని డమ్మీతో బిగించేయడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. గీజరు ప్లేటు మీద ఎన్ని బార్లు తట్టుకుంటుందో రాసి ఉంటుంది, ఈ చిన్న పంపు ఇచ్చేది బార్ లోపే కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు. ఇంకోటి, చల్లనీళ్ళకీ గీజరుకీ పోయే లైను రెండూ పంపు తర్వాతే చీలాలి. ఒక్క చల్లలైనుకే పంపు పెడితే చల్లవి వేడివాటిని తోసేస్తాయి, షవర్‌లో వేడే రాదు.

కరెంటు వైపు ఎర్త్ వైరు తప్పనిసరి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) కూడా. తడి ఒంటితో నిలబడే చోటుకి నీళ్ళు పంపే మోటారిది, ఇక్కడ రెండు వేలు మిగుల్చుకోవద్దని బతిమాలి చెబుతున్నా.

వాడకం ఎలా ఉందంటే, మొదటి రోజు నుంచే తేడా తెలిసింది. మా అత్తగారు షవర్ వాడేవారు కాదు, ఇప్పుడు మోకాళ్ళ నొప్పికి వేడినీళ్ళు ధారగా పడితే హాయిగా ఉందంటారు. చప్పుడు సన్నటి గుయ్యిమనడమే, తలుపేస్తే వినపడదు. రెండు షవర్లు ఒకేసారి తిప్పితే కొంచెం తగ్గుతుంది, అది ఈ సైజు పంపుకి తప్పదు. రోజుకి గంట తిరిగిందనుకున్నా నెలకి నాలుగు యూనిట్ల లోపే. కొళాయి మరీ సన్నగా తిప్పితే ఫ్లో స్విచ్‌కి ఆ కదలిక చాలక పంపు ఆన్ అవదు, బ్రష్ చేసుకునేటప్పుడు అది నాకు నచ్చింది కూడా. హెల్త్ ఫాసెట్ గొట్టం మాత్రం ఒకటి పగిలింది, అప్పటి నుంచి వాడాక యాంగిల్ వాల్వు కట్టేయడం అలవాటు చేసుకున్నాం.

బాధ పెట్టింది నీళ్ళే. మా వైపు బోరు నీళ్ళలో ఇనుము ఎక్కువ, పైకి వచ్చేటప్పుడు తేటగానే ఉంటాయి, గాలి తగిలాక ఎర్రబడి ట్యాంకు అడుగున బురదలా దిగుతుంది. వేసవిలో గోదావరి కాలువలు కట్టేశాక, మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలే దాకా, బోరు మీద భారం పెరిగి ఈ ఎరుపు ఇంకా ఎక్కువవుతుంది. రెండో వేసవి చివర్లో ఒకరోజు పంపు గుయ్యిమంటోంది గానీ తిరగట్లేదు. కంపెనీ సర్వీసుకి ఫోన్ చేస్తే వారం తర్వాత వచ్చి, లోపల చూడకుండానే మోటారు పోయింది, కొత్తది తీసుకోండి అన్నారు. నాకు చాలా కోపమొచ్చింది. మా ప్లంబరు యూనియన్లు విప్పి, నాలుగు స్క్రూలు తీసి చూపిస్తే రోటరు చుట్టూ ఎర్రటి మడ్డి పేరుకుపోయి ఉంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో కాసేపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది బిగిస్తే ఇప్పటికీ తిరుగుతోంది. పంపు మూలిగి తిరగకపోతే మొదట రోటరు పట్టేసిందేమో చూడండి, తర్వాత కెపాసిటరు మార్చి చూడండి, అది కొద్ది వందలే. మోటారు కాలిపోవడమన్నది ఆ తర్వాతి మాట.

అప్పటి నుంచి ట్యాంకులో రెండు మార్పులు చేయించాం. బోరు పైపు చివర చిల్లుల క్యాప్ పెట్టి నీళ్ళు పైనుంచి జల్లులా పడేలా చేశాం, ఇనుము గాలి తగిలి అక్కడే విడిపోతుంది. అవుట్‌లెట్ ట్యాంకు అడుగుకి నాలుగంగుళాలు పైన ఉండేలా లోపల చిన్న పైపు ముక్క పెట్టించాం, మడ్డి కిందే ఉండిపోతుంది, డ్రెయిన్ వాల్వు తిప్పి వదిలేస్తాం. స్ట్రెయినర్ జాలీ నెలకోసారి, వేసవిలో ఇంకా తరచుగా కడుగుతాం. కాలువ నీళ్ళు శుద్ధి చేసి ఇచ్చే పంచాయతీ సప్లై ట్యాంకుకి వచ్చే ఇళ్ళలో ఈ బెడద తక్కువ, కానీ ఉత్తి బోరు మీదే నడిచే ఇల్లయితే పంపు కంటే ముందు ఐరన్ ఫిల్టర్‌కి డబ్బు దాచుకోండి.

ఒకే అంతస్తు ఇల్లయి, డాబా మీద ట్యాంకు ఉన్నవాళ్ళకి మా పై వాటా లెక్కే వర్తిస్తుంది, ఈ చిన్న పంపు నిక్షేపంగా సరిపోతుంది. రెండు అంతస్తుల ఇంట్లో కింద వాటాలో ఉండేవాళ్ళు షవర్ తల, డైవర్టర్ శుభ్రం చేయించుకుని చూడండి, చాలావరకు పంపు అక్కర్లేదు. నాలుగు బాత్రూంలు, పెద్ద షవర్లు, అందరూ ఉదయం ఏడుకే స్నానాలు అనుకునే ఇంటికి మాత్రం ఇది చాలదు, ప్రెషర్ ట్యాంకు రకమో ఇన్వర్టర్ రకమో చూసుకోవాలి, దానికి ముందు ట్యాంకు నుంచి దిగే లైను కనీసం అంగుళంపావు ఉందో లేదో కొలిపించుకోండి, ఇరుకు పైపు మీద పెద్ద పంపు పెడితే చప్పుడే తప్ప నీళ్ళు రావు.