లీచెస్‌లో కోర్చ్‌నోయ్: ఒక సుదీర్ఘ చదరంగ జీవితాన్ని ఉచితంగా చదువుకోవడం

లీచెస్ అనే చదరంగపు వెబ్‌సైటు పేరు తెలియని చదరంగ విద్యార్థి మన పట్టణాలలో ఇప్పుడు దాదాపుగా కనిపించడు. ఫోనులో మూడు నిమిషాల బ్లిట్జ్ ఆటలు ఆడుకోవడానికీ, పజిళ్లు సాధించడానికీ దాన్ని వాడేవారే ఎక్కువ. ఆ విషయంలో దాని మంచిచెడ్డలు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. ఒక పాత తరం గ్రాండ్‌మాస్టర్ జీవితమంతా ఆడిన ఆటలను వరుసగా, ఓపికగా చదువుకోదలచినవారికి ఈ ఉచిత సేవ ఎంతవరకు అక్కరకు వస్తుందన్నదే ఈ సమీక్ష విషయం. అందుకోసం నేను విక్టర్ కోర్చ్‌నోయ్‌ను ఎంచుకున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. ఆటలను సమకూర్చుకొని, అమర్చుకొని, మళ్లీ మళ్లీ ఆడి చూసుకోవడానికి ఖర్చులేని సాధనాలలో దీన్ని మించినది నాకు తెలియదు. కానీ బోర్డు పక్కన పైకీ కిందికీ కదులుతూ, ఎవరిది పైచేయో కంప్యూటర్ లెక్కకట్టి చూపే ఎవాల్యుయేషన్ బార్‌ను ఆపకుండా కోర్చ్‌నోయ్ ఆటలు చూసినవారికి ఆయన గొప్పతనం ఎక్కడ ఉందో అంతుపట్టదు.

కోర్చ్‌నోయే ఎందుకంటే, ఆయన ఆటలలో చదరంగపు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. 1931లో లెనిన్‌గ్రాడ్‌లో పుట్టి, యుద్ధకాలంలో ఆ నగరం ముట్టడిలో చిక్కుకున్నప్పుడు తండ్రిని పోగొట్టుకొని, అక్కడి పయొనీర్ ప్యాలెస్ అనే పిల్లల కేంద్రంలో వ్లదిమీర్ జాక్ దగ్గర ఆట నేర్చుకొని, 1947లో సోవియెట్ జూనియర్ ఛాంపియన్ అయ్యారు. 1956లో గ్రాండ్‌మాస్టర్ హోదా వచ్చింది. ప్రపంచంలోనే అత్యంత కఠినమైన జాతీయ పోటీగా పేరున్న సోవియెట్ ఛాంపియన్‌షిప్‌ను నాలుగుసార్లు గెలిచారు. ప్రపంచ కిరీటానికి అర్హత నిర్ణయించే క్యాండిడేట్స్ దశకు 1962 నుంచి 1991 వరకు పదిసార్లు చేరుకున్నారు. కిరీటం మాత్రం ఒక్కసారీ దక్కలేదు. దాన్ని ధరించినవారిలో బోట్విన్నిక్, స్మిస్లోవ్, తాల్, పెట్రోస్యాన్, స్పాస్కీ, ఫిషర్, కార్పోవ్, కాస్పరోవ్, కార్ల్‌సన్‌లను మాత్రం ఏదో ఒక ఆటలో ఓడించారు. తొమ్మిది మంది ప్రపంచ ఛాంపియన్లు ఒకే మనిషి చేతిలో ఓడిన ఆటలను పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు పాతరోజుల్లో పెద్ద గ్రంథాలయం ఉన్నవారికే ఉండేది.

ఇక సేవ సంగతి. లీచెస్‌ను 2010లో తిబో డుప్లెసీ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టారు. లాభాపేక్ష లేని సంస్థగా, విరాళాలమీద నడుస్తుంది. ప్రకటనలు లేవు, డబ్బు కడితేనే తెరుచుకునే గదులూ లేవు. ఇందులో మనకు పనికొచ్చేవి ప్రధానంగా రెండు. మొదటిది ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లోని మాస్టర్ల ఆటల భాండారం. బోర్డుమీద ఒక స్థితిని పెడితే, 1952 నుంచి ఇటీవలి వరకు పెద్ద ఆటగాళ్లు అక్కడినుంచి ఏ ఎత్తు వేశారో, ఫలితాలు ఎలా వచ్చాయో చూపిస్తుంది. కోర్చ్‌నోయ్ జీవితాంతం నమ్ముకున్న ఫ్రెంచ్ డిఫెన్స్, ఓపెన్ రుయ్ లోపెజ్ వంటి ఆరంభ ఎత్తుల వరుసలను తరాలవారీగా గమనించడానికి ఇది చక్కగా పనికొస్తుంది. అయితే ఇది స్థితిని బట్టి వెతికే సాధనం, ఆటగాడి పేరుమీద ఆయన ఆటలన్నీ ఒక్కచోట కుప్పపోసేది కాదు. 1952కు ముందున్న ఆయన తొలి ఆటలు సహజంగానే ఇందులో దొరకవు.

రెండోది స్టడీ అనే సదుపాయం. నా దృష్టిలో అసలు సరుకు ఇదే. ఎక్కడినుంచైనా పీజీఎన్ (ఆట ఎత్తులను వరుసగా రాసిన) ఫైలు తెచ్చి అతికిస్తే ఒక్కో ఆట ఒక్కో అధ్యాయంగా అమరిపోతుంది. దానిమీద బాణాలు గీయవచ్చు, వ్యాఖ్య తెలుగులోనే రాసుకోవచ్చు, స్నేహితులను పిలిచి కలిసి చూడవచ్చు. ఒక స్టడీలో 64 అధ్యాయాలకు మించి పట్టవు. కోర్చ్‌నోయ్ ఆడినవి వేల ఆటలు కనుక ఏరుకోక తప్పదు, ఆ ఏరుకోవడమే సగం చదువు. 1974లో కార్పోవ్‌తో ఆడిన క్యాండిడేట్స్ ఫైనల్‌లో 24 ఆటలు, 1978లో అదే కార్పోవ్‌తో ప్రపంచ టైటిల్‌కు ఆడిన పోటీలో 32 ఆటలు ఉన్నాయి. రెండూ కలిపితే 56. అంటే ఆయన జీవితంలోని రెండు అతిముఖ్యమైన పోరాటాలు ఒకే స్టడీలో ఇమిడిపోయి ఇంకా ఎనిమిది ఖాళీలు మిగులుతాయి. ఫైళ్లు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆయన పేరును ఇంగ్లిష్ పద్ధతిలో ఒక విధంగా, జర్మన్ పద్ధతిలో మరో విధంగా రాస్తారు కనుక ఒక్క వర్ణక్రమంతో వెతికితే సగం ఆటలే చేతికొస్తాయి.

1974 పోటీలో 21వ ఆటను దగ్గరగా చూస్తే ఈ సేవ ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వదో రెండూ తెలుస్తాయి. మొదటి 18 ఆటలలో మూడు ఓడి, ఒక్కటీ గెలవని కోర్చ్‌నోయ్, 19వ ఆట గెలిచి ఈ ఆటకు తెల్లపావులతో కూర్చున్నారు. 13వ ఎత్తులో గుర్రంతో హెచ్7 గడిలోని బంటును కొట్టి కార్పోవ్ రాజు ముందున్న గోడను కూల్చారు. 17వ ఎత్తుకల్లా కార్పోవ్ మంత్రి ఆయన చేతికి చిక్కింది. అప్పుడు కార్పోవ్ శకటు డి5 గడిలో నిలబడి, మూలనున్న తెల్ల ఏనుగుమీద గురిపెట్టింది. ఏనుగు దాడిలో ఉండగా కాస్లింగ్ (రాజు రెండు గడులు జరిగి, ఏనుగు దాని అవతలికి వచ్చే ఒకే ఎత్తు) చేయవచ్చా అని కోర్చ్‌నోయ్ లేచివెళ్లి ఆర్బిటర్ (న్యాయనిర్ణేత) ఓకెల్లీని అడిగారు. చేయవచ్చు, రాజు దాడిలో ఉండకూడదు, దాడిలో ఉన్న గడి మీదుగా దాటకూడదు, ఏనుగుకు ఆ నిషేధం లేదు. ఆయన కాస్లింగ్ చేశారు, మరుసటి ఎత్తులో బంటును ఎఫ్4కు జరిపారు, కార్పోవ్ ఓటమి ఒప్పుకున్నారు. మొత్తం 19 ఎత్తులు.

నాలుగుసార్లు సోవియెట్ ఛాంపియన్ అయినవారు ఆ నియమం తెలియక అడిగారా, ఇంతవరకు పోటీ ఆటలో ఆ అవసరమే రాలేదా, ప్రత్యర్థిని కొంచెం ఉడికించడానికి అడిగారా అన్నది చదరంగ ప్రియులు ఇప్పటికీ ముచ్చటించుకునే విషయం. లీచెస్ బోర్డుమీద ఈ ప్రశ్నే పుట్టదు. రాజును పట్టుకోగానే వెళ్లగల గడులు వెలుగుతాయి, నియమం యంత్రమే చూసుకుంటుంది. ఆటలోని ఎత్తులు పొల్లుపోకుండా దొరుకుతాయి కానీ ఆటగాడు కుర్చీలోంచి లేచిన క్షణం మాత్రం దొరకదు. అందుకే ఆ సంగతిని ఆ అధ్యాయంలో 18వ ఎత్తు దగ్గర మీ మాటల్లో మీరే రాసిపెట్టుకోవాలి. ఇలా రాసుకుంటూ పోతే స్టడీ మెల్లగా ఒక సొంత పుస్తకంలా తయారవుతుంది.

1978 పోటీకి ఈ వ్యాఖ్యలు ఇంకా అవసరం. 1976లో ఆమ్‌స్టర్‌డామ్ టోర్నమెంటు ముగియగానే కోర్చ్‌నోయ్ సోవియెట్ దేశానికి తిరిగివెళ్లకుండా అక్కడే ఆశ్రయం కోరారు. భార్య, కొడుకు లెనిన్‌గ్రాడ్‌లోనే ఉండిపోయారు. ఆయన ఆడే పోటీలకు సోవియెట్ గ్రాండ్‌మాస్టర్లు ఏళ్లతరబడి దూరంగా ఉన్నారు. అయినా క్యాండిడేట్స్‌లో పెట్రోస్యాన్, పొలుగయెవ్‌స్కీ, స్పాస్కీలను వరుసగా ఓడించి, ఫిలిప్పీన్స్‌లోని బాగియోలో కార్పోవ్‌కు ఎదురుగా కూర్చున్నారు. ముందుగా ఆరు ఆటలు గెలిచినవారిదే కిరీటం. రెండో ఆటలో కార్పోవ్‌కు అందించిన పెరుగు కప్పు ఏదైనా సంకేతమా అన్న ఫిర్యాదు, ప్రేక్షకుల వరుసలో కూర్చొని కోర్చ్‌నోయ్‌వైపే చూస్తూ ఉండిన పారాసైకాలజిస్టు జుఖార్, ఆ చూపులకు జవాబుగా కోర్చ్‌నోయ్ పెట్టుకున్న, చూసేవారి ప్రతిబింబమే కనిపించే అద్దంపూత కళ్లజోడు, ఆయనకు ధ్యానం నేర్పడానికి వచ్చిన ఇద్దరు ఆనంద మార్గ అనుయాయులు, ఎక్స్‌రే తీసిన కుర్చీలు: ఈ గొడవ అంతా పత్రికలకు పండుగ అయింది. నిజం చెప్పాలంటే ఈ కథలు ఆటలను కమ్మేశాయి. లీచెస్‌లో ఆ చప్పుడేమీ వినిపించదు కనుక ఎత్తులమీద దృష్టి నిలుస్తుంది, అదొక మేలు.

అయిదో ఆటకు కంప్యూటర్ విశ్లేషణ కోరితే వచ్చే గ్రాఫును తప్పక చూడాలి. గెలుపు కోర్చ్‌నోయ్ చేతిలో ఉండగా, గడియారం తరుముతుంటే, కార్పోవ్ తప్పించుకోలేని మేట్‌ను (ఆటకట్టును) ఆయన చూడలేకపోయారు. ఆ తర్వాత ఆట సాగి సాగి 124వ ఎత్తులో స్టేల్‌మేట్‌తో (కదపడానికి ఎత్తే లేక డ్రాగా) ముగిసింది. 17వ ఆటలోనూ సమయం తరుముతుండగా కార్పోవ్ గుర్రాలు అల్లిన మేట్ వలలో తానే పడ్డారు. 27 ఆటలయ్యేసరికి కార్పోవ్ 5–2తో ఉన్నారు, ఇంకొక్కటి గెలిస్తే చాలు. అక్కడినుంచి కోర్చ్‌నోయ్ 28, 29, 31 ఆటలు గెలిచి 5–5 చేశారు. 32వ ఆటలో ఓడి, కిరీటం చేజార్చుకున్నారు. ఈ చివరి అయిదు ఆటలను రోజుకొకటి చొప్పున చూడమని నా సలహా. ఒక్క బిగిన చూస్తే అలసట, పట్టుదల రెండూ కొలతకు అందవు.

ఇప్పుడు ఆ ఎవాల్యుయేషన్ బార్ సంగతి. కోర్చ్‌నోయ్ పద్ధతి దాడి చేసేవారి పద్ధతి కాదు. ఎదుటివారు ఇచ్చిన బంటును మొహమాటం లేకుండా తీసుకుంటారు, దానికి బదులుగా వచ్చే దాడిని భరిస్తారు, ఇరుకున పడతారు, ఆ ఇరుకులోంచే ఎదురుదెబ్బ తీస్తారు. అలాంటి ఆటను స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌ను (ఎత్తులను లెక్కకట్టే ప్రోగ్రామును) పక్కన పెట్టుకొని చూస్తే పది పన్నెండు ఎత్తులపాటు బార్ ఆయనకు ప్రతికూలంగానే కనిపిస్తుంది, కింద పొరపాట్ల లెక్క పెరుగుతూ ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా ప్రత్యర్థి పెద్ద తప్పు చేసినట్టు చూపిస్తుంది. చూసే పిల్లవాడికి కోర్చ్‌నోయ్ చెడ్డగా ఆడి అదృష్టంతో గెలిచారనిపిస్తుంది. కానీ ప్రత్యర్థికి పక్కన ఏ బార్ లేదు. ఆ పన్నెండు ఎత్తులలో ప్రతిదీ సరైనదే కనిపెట్టాల్సిన బరువు అతనిమీద పడింది, అది పడేటట్టు చేయడమే కోర్చ్‌నోయ్ విద్య. తాల్ అంతటి దాడి వీరుడికి ఆయనమీద చాలాకాలంపాటు పాచిక పారలేదంటే కారణం ఇదే. ఎత్తు ఎంత సరైనదో ఇంజిన్ చెప్పగలదు, ఎదుటి మనిషికి అది ఎంత కష్టమో చెప్పలేదు.

దీనికి విరుగుడు లీచెస్‌లోనే ఉంది. అధ్యాయం తయారుచేసేటప్పుడు తర్వాతి ఎత్తులు కనబడకుండా దాచే పద్ధతిని ఎంచుకోవచ్చు. ఇంజిన్ ఆపి, కోర్చ్‌నోయ్ వైపు కూర్చొని, ఆయన ఏ ఎత్తు వేసి ఉంటారో ఊహించి, ఆ తర్వాతే అసలు ఎత్తు తెరిచి చూసుకోవాలి. ఆట పూర్తయ్యాక ఇంజిన్‌ను పిలిచి మన ఊహలను సరిచూసుకుంటే ఆ సంఖ్యలకు అప్పుడు అర్థం ఉంటుంది. ఆయన ప్రసిద్ధికెక్కిన ఏనుగుల ఎండ్‌గేమ్‌లకు మాత్రం యంత్రాన్ని మొహమాటం లేకుండా వాడుకోవచ్చు. రాజులతో కలిపి ఏడు పావులకు దిగిన ఏ స్థితికైనా టేబుల్‌బేస్ అనే, ముందే లెక్కకట్టి ఉంచిన స్థితుల భాండారం గెలుపా, డ్రాయా అన్నది ఖచ్చితంగా చెబుతుంది, ఆ విషయంలో అభిప్రాయాలకు తావులేదు.

ఫోనులో ఈ పని చేయవచ్చు గానీ వ్యాఖ్యలు, ఎత్తుల పట్టిక, బోర్డు మూడూ ఒకేసారి కనబడాలంటే కంప్యూటరే మేలు. పేరుమీద వెతకడం, గ్రాండ్‌మాస్టర్లు వ్యాఖ్యానించిన ఆటలు కావాలనుకునేవారు డబ్బుపెట్టి చెస్‌బేస్ వంటి సాఫ్ట్‌వేర్ కొనుక్కోవచ్చు. శిక్షకులకు అది అవసరమే. ఇంటర్మీడియట్ చదివే కుర్రవాడికి, రిటైరయ్యాక మళ్లీ బోర్డు తీసిన పెద్దాయనకు ఆ ఖర్చు పెట్టించనక్కరలేదు.

మిగిలిన ఎనిమిది అధ్యాయాలలో నేను ముందుగా పెట్టేవి ఆయన వృద్ధాప్యపు ఆటలు. 1991లో బ్రస్సెల్స్‌లో క్యాండిడేట్స్ క్వార్టర్ ఫైనల్స్ జరిగినప్పుడు ఒకవైపు ఆనంద్ కార్పోవ్‌తో ఆడుతుంటే, మరోవైపు అరవై ఏళ్ల కోర్చ్‌నోయ్ టిమ్మన్‌తో ఆడుతున్నారు. 2006లో ప్రపంచ సీనియర్ ఛాంపియన్ అయ్యారు. 2007 జనవరి ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) ర్యాంకుల జాబితాలో, 75 ఏళ్ల వయసులో, 85వ స్థానంలో ఉన్నారు. తర్వాత తాను స్థిరపడిన స్విట్జర్లాండ్ జాతీయ ఛాంపియన్‌షిప్‌ను 2009లో, మళ్లీ 2011లో గెలిచారు. 2016లో ఆ దేశంలోనే కన్నుమూశారు. కనుక డ్రామెన్‌లో పద్నాలుగేళ్ల కార్ల్‌సన్‌ను ఓడించిన ఆట ఒకటి, 2011లో జిబ్రాల్టర్‌లో ఎనభైకి రెండు నెలల దూరంలో నల్లపావులతో పద్దెనిమిదేళ్ల కరువానాను ఓడించిన ఆట ఒకటి. 1962లో కురసావ్‌లో ఫిషర్‌మీద పిర్ట్స్ డిఫెన్స్‌తో గెలిచినది మూడోది. 1983లో లండన్‌లో కాస్పరోవ్‌మీద మొదటి ఆట గెలిచినది నాలుగోది, ఆ పోటీ చివరికి ఓడిపోయినా సరే. తక్కిన నాలుగింటిలో రెండు ఆయన ఓడిన ఆటలు ఉండాలని నా పట్టుదల. 1981లో మెరానోలో కార్పోవ్ చేతిలో 6–2తో ఓడిన పోటీనుంచే ఆ రెండూ తీసుకుంటాను. అప్పటికి ఆయన కొడుకు సైన్యంలో చేరనన్నందుకు సోవియెట్ జైలులో ఉన్నాడు.