ఊరి చానెల్‌కు టెండరా, గ్రాంటా? మసాచుసెట్స్ నిబంధనల వెలుగులో ఒక పోలిక

అమెరికాలో కేబుల్ టీవీ తీగలు ఊరి వీధుల వెంబడి సాగుతాయి. అందువల్ల ఆ వీధులను వాడుకున్నందుకు కంపెనీ నుంచి ఫీజు వసూలు చేయడంతో పాటు, ఊరి జనం కోసం కొన్ని చానెళ్లు విడిగా కేటాయించాలని కోరే అధికారాన్ని కూడా 1984 నాటి కేబుల్ చట్టం స్థానిక సంస్థలకు కల్పించింది. ఆ ఫీజు కేబుల్ సేవలపై కంపెనీకి వచ్చే రాబడిలో 5 శాతాన్ని మించకూడదు. ఇలా కేటాయించే చానెళ్లు మూడు రకాలు: ఎవరైనా వచ్చి తమ కార్యక్రమం ప్రసారం చేసుకోగల ప్రజా చానెల్, బడులకు చెందిన విద్యా చానెల్, కౌన్సిల్ సమావేశాలను చూపే ప్రభుత్వ చానెల్. చాలా చోట్ల ఈ మూడింటినీ లాభాపేక్ష లేని ఒకే స్థానిక సంస్థ నడుపుతుంది. చిక్కు మొదలయ్యేది అక్కడే: ఆ సంస్థకు ఊరు ఇచ్చే డబ్బు సేవ కొనుగోలా, గ్రాంటా?

మసాచుసెట్స్‌లో మునిసిపాలిటీల కొనుగోళ్లను 30బి అధ్యాయం అనే చట్టం నియంత్రిస్తుంది. 2016 సవరణ 10,000 డాలర్ల నుంచి 50,000 డాలర్ల వరకు మూడు రాతపూర్వక కొటేషన్లు తీసుకోవాలని పెట్టింది. అది దాటితే సీల్డు టెండరు పిలవాలని చెప్పింది. మూడేళ్లకు మించిన కాంట్రాక్టుకు ఊరి సభ లేదా కౌన్సిల్ మెజారిటీ ఓటు అవసరం. అయితే ఇదే చట్టం గ్రాంటు ఒప్పందాలను తన పరిధి నుంచి తప్పించింది: ప్రభుత్వం తన వాడకం కోసం సరుకులో సేవలో కొనడం కాక, ఒక ప్రజా ప్రయోజనానికి తోడ్పడేందుకు వ్యక్తికి గానీ లాభాపేక్ష లేని సంస్థకు గానీ డబ్బు ఇస్తే అది గ్రాంటు అవుతుంది.

కాబట్టి ఊరి పెద్దల ముందు నాలుగు దారులున్నాయి. కేబుల్ కంపెనీయే ఊరు తనకు ఇచ్చిన లైసెన్సు షరతు ప్రకారం ఆ సంస్థకు నేరుగా చెల్లించేలా చేయవచ్చు. డబ్బు ఖజానాలోకి తెచ్చుకుని టెండరు పిలవవచ్చు. ఖజానా నుంచే గ్రాంటుగా ఇవ్వవచ్చు. లేదా మునిసిపాలిటీ ఉద్యోగులతోనే చానెల్ నడపవచ్చు.

నేరు చెల్లింపు అన్నిటికంటే తేలికైనది. డబ్బు ఖజానా గడప తొక్కదు కనుక కొనుగోలు నిబంధనల ప్రసక్తే రాదు. కానీ ఆ సంస్థ సరిగా పని చేయకపోతే ఊరి చేతిలో పెద్దగా పట్టు మిగలదు. లైసెన్సులో రాసుకున్న షరతులే దిక్కు, ఆ లైసెన్సు పునరుద్ధరణ ఒక్కోసారి పదేళ్లకు గానీ రాదు.

సొంతంగా నడపడంలో లెక్కలు స్పష్టంగా ఉంటాయి, కెమెరాలు, మైకులు కొనేటప్పుడు తప్ప టెండరు గొడవ ఉండదు. ప్రజా చానెల్ విషయంలో మాత్రం ఇది ప్రమాదకరం. మేయరును విమర్శించే కార్యక్రమానికి మేయరు కింది ఉద్యోగి స్టూడియో తాళం తీయాలి. 2019లో మన్‌హట్టన్ ప్రజా చానెళ్ల కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో, ఆ చానెళ్లను నడిపే ప్రైవేటు సంస్థ ప్రభుత్వం కిందకు రాదనీ, వాక్‌స్వాతంత్ర్యానికి సంబంధించిన మొదటి రాజ్యాంగ సవరణ దానిని కట్టడి చేయదనీ తీర్పు ఇచ్చింది. ప్రైవేటు సంస్థకు దొరికిన ఆ మినహాయింపు నగరమే చానెల్ నడిపినప్పుడు అలాగే దొరుకుతుందని అనుకోలేము.

అసలు పోటీ టెండరుకూ గ్రాంటుకూ మధ్యనే. మన దగ్గర టెండరు లేకుండా పని అప్పగించే నామినేషన్ పద్ధతి అన్న మాట వినగానే అనుమానం కలుగుతుంది; ఆ అనుమానానికి కారణాలూ లేకపోలేదు. కానీ అందరికంటే తక్కువ కోట్ చేసిన ఎల్-1కే పని అప్పగించే పద్ధతి ఊరి చానెల్‌కు నప్పదు. స్టూడియోలో స్వచ్ఛందంగా పనిచేసేవారిని ఏళ్ల తరబడి కూడగట్టిన సంస్థకూ, నాలుగు కెమెరాలతో వచ్చి తక్కువ ధర చెప్పే నిర్మాణ కంపెనీకీ ఉన్న తేడా ధరల పట్టికలో కనబడదు. 30బిలో దీనికి కొంత మందు ఉంది: ప్రతిపాదనల పద్ధతి. ఇది మన రెండు కవర్ల టెండరు లాంటిదే. సాంకేతిక ప్రతిపాదనను ముందుగా విప్పి అంచనా వేసి, ధర కవరును విడిగా చూస్తారు, తక్కువ ధరకు కాక మేలైన ప్రతిపాదనకు పని ఇవ్వవచ్చు. అయినా మూడేళ్లకోసారి సంస్థ మారుతుందేమోనన్న భయంతో ఎవరూ పదేళ్ల అద్దె ఒప్పందం చేసుకోరు, శిక్షణ తరగతులు మొదలుపెట్టరు.

ఇక్కడ తేల్చవలసింది ఎవరి అవసరం తీరుతోందన్నదే. కౌన్సిల్ సమావేశాన్ని చిత్రీకరించి ప్రసారం చేయడం మునిసిపాలిటీకి అందే సేవ. దానికి కొటేషన్లో ప్రతిపాదనలో పిలవడమే సబబు, దానిని గ్రాంటు అనడం చట్టం కళ్లకు గంతలు కట్టడమే. ఎవరో రైతు తన తోట గురించో, వలస వచ్చిన కుటుంబం తమ భాషలోనో ప్రజా చానెల్‌లో మాట్లాడితే మునిసిపాలిటీ కొన్నది ఏమీ లేదు. అక్కడ గ్రాంటే సరైనది. మూడు చానెళ్లనూ ఒకే మూటగా కట్టి మొత్తాన్ని టెండరు చేయడం, లేదా మొత్తాన్ని గ్రాంటు కింద తోసేయడం, రెండూ సోమరితనపు పనులు. విద్యా చానెల్ మధ్యస్థం. బడి కోరిన పాఠాలు చేసిపెడితే సేవ, విద్యార్థులు తమకు తాము చేసుకుంటే గ్రాంటు.

గ్రాంటును ఎంచుకుంటే మాత్రం ఒప్పందం చేతికందిన కాగితం మీద రాసేది కాకూడదు. ఏటా లెక్కల తనిఖీ, స్టూడియో తెరిచి ఉండే గంటలు, కార్యక్రమం తిరస్కరించినప్పుడు అప్పీలు వినేది ఎవరు అన్న వివరాలు అందులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఆ డబ్బుతో కొన్న పరికరాలు ఎవరివో తేల్చాలి. అది రాయకుండా వదిలేస్తే, సంస్థ మారిన రోజున కొత్తవారికి ఖాళీ గది మాత్రమే అందుతుంది, మళ్లీ మొదటి కెమెరా దగ్గర నుంచి కొటేషన్లు పిలవాలి.