వేరువేరు వైర్‌లెస్ సెట్లను కలిపే గేట్‌వే పెట్టె: కొనేముందు తెలుసుకోవాల్సినవి

పెట్టె మంచిదే, కొనొచ్చు. కానీ పెట్టె ఒక్కటే కొంటే మాత్రం డబ్బులు దండగ. దానికి సరైన కేబుళ్లు కావాలి. వాగు పొంగకముందే తీరిగ్గా కూర్చుని సెట్ చేసుకోవాలి. పని నడుస్తున్నంతసేపూ దాని పక్కన చెవి పెట్టి వినే మనిషి ఉండాలి. ఇవి కుదరవనుకుంటే ఆ డబ్బుతో నాలుగు లైఫ్ జాకెట్లు కొనుక్కోవడం మేలు.

వైర్‌లెస్ సెట్ల రిపేరు మీదే నా బతుకంతా గడిచింది. ఇప్పుడు హనుమకొండలో ఉంటూ, వరదల్లో పనిచేసే వాలంటీర్ల బృందానికి సెట్లు చూసిపెడుతుంటాను. 2023 జులై వానలు మా వైపు ఎవరూ మర్చిపోలేరు. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. 27వ తేదీ తెల్లారేసరికి మోరంచవాగు మోరంచపల్లిని ముంచేసింది, జనం ఇళ్ల కప్పులెక్కారు. అలాంటి చోటికి సాయానికి వచ్చేవాళ్లు ఎవరి సెట్లు వాళ్లు తెచ్చుకుంటారు. ఒకరిది వీహెచ్‌ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ) అనలాగ్, ఒకరిది యూహెచ్‌ఎఫ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ) డిజిటల్, అంటే మాటను అంకెల కోడ్‌గా మార్చి పంపేది. పక్కపక్కనే నిలబడ్డా ఒకరి మాట ఒకరి సెట్లో వినపడదు. ఇది మన దగ్గరే ఉన్న కష్టం కాదు. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఒక విమానం వంతెనను ఢీకొని పొటోమాక్ నదిలో పడ్డప్పుడు కూడా, పరుగెత్తుకొచ్చిన బృందాలు రేడియోలో ఒకరినొకరు అందుకోలేకపోయాయి.

ఈ పెట్టె చేసే పని సూటిగా ఉంటుంది. ప్రతి బృందం నుంచి ఒక సెట్ తీసుకుని కేబుల్‌తో దీనికి తగిలిస్తాం. ఒక సెట్లోకి మాట రాగానే పెట్టె మిగతా సెట్ల పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కి పట్టుకునే బటన్) నొక్కి, ఆ మాటను వాటి మైకు దారిలో పంపిస్తుంది. ఫ్రీక్వెన్సీ మార్చడం, డిజిటల్ కోడ్ విప్పడం లాంటివేవీ ఇది చేయదు, ఆ పని ఆయా సెట్లే చేసుకుంటాయి. దీని గుండా పోయేది మాట ఒక్కటే. అందుకే మీ డీఎంఆర్ రకం డిజిటల్ సెట్లో ఎమర్జెన్సీ బటన్ నొక్కితే అవతలి బృందానికి తెలియదు. మాట్లాడుతున్న మనిషి ఐడీ కూడా అటు కనిపించదు. పేరు, ఉన్న చోటు నోటితో చెప్పాల్సిందే. ఇంకో సంగతి, ఒక వైపు ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నా అవతలి వైపు అనలాగ్ సెట్ అయితే అక్కడి నుంచి ఆ మాట బహిరంగంగానే పోతుంది. కలిపేముందే రెండు బృందాల పెద్దలకు ఈ విషయం చెప్పి, ఇద్దరి అనుమతీ తీసుకోవాలి. ఎవరి ఫ్రీక్వెన్సీకి వాళ్లకే లైసెన్సు ఉంటుంది, మనంతట మనం కలిపేయడానికి లేదు.

నేను తీసుకున్నది నాలుగు సెట్ల మోడల్. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది, జీపు బ్యాటరీ సరిపోతుంది. ధర మూడు మంచి డీఎంఆర్ హ్యాండ్‌సెట్ల ధరకు దగ్గరగా ఉంది, పనికి తగ్గదే. ఇబ్బందల్లా కేబుళ్లతోనే. వచ్చిన రెండింట్లో ఒకదాని లోపల షీల్డ్ తీగ అతకనే లేదు, నేనే విప్పి సోల్డర్ చేసుకున్నాను. మిగతావి విడిగా కొనాలి, ఒక్కో సెట్ మోడల్‌కి ఒక్కో రకం.

ఆ కేబుల్ రకాన్ని బట్టే సెట్టింగ్ ఎంత కష్టమో తేలిపోతుంది. జీపులో బిగించే మొబైల్ సెట్లకు వెనకాల యాక్సెసరీ కనెక్టర్ ఉంటుంది. సిగ్నల్ వచ్చిందని చెప్పే సీఓఆర్ తీగ చాలావాటిలో అందులోనే దొరుకుతుంది. అది ఉంటే సగం పని అయిపోయినట్టే. రెండు పిన్నుల జాక్ ఉన్న మామూలు హ్యాండ్‌సెట్లో స్పీకరు, మైకు, పీటీటీ తప్ప ఇంకేం దొరకవు. అప్పుడు గొంతు వినపడితేనే పనిచేసే వాక్స్ మీద ఆధారపడాలి. మీకు వీలుంటే మొబైల్ సెట్లే పెట్టండి. హ్యాండ్‌సెట్లు ఆగకుండా ట్రాన్స్‌మిట్ చేస్తే వేడెక్కుతాయి, వాటిని లో పవర్‌లో పెట్టక తప్పదు.

వానాకాలం మొదలవక ముందు, అనుమతి తీసుకుని, రామప్ప చెరువు కట్ట మీద దీన్ని పరీక్షించాం. పడవలో వాళ్ల దగ్గర యూహెచ్‌ఎఫ్ డిజిటల్ సెట్లు, కట్ట మీద వాళ్ల దగ్గర వీహెచ్‌ఎఫ్ అనలాగ్. పడవలో కుర్రాడు పీటీటీ నొక్కి "ఇరవై ముగ్గురు ఉన్నరు, కప్పు మీద" అన్నాడు. కట్ట మీద బోర్డు రాస్తున్న అమ్మాయి నా వైపు తిరిగి "సార్, ముగ్గురేనంట" అంది, బోర్డు మీద 3 వేసేసింది. పడవలో అన్నది నా చెవికి డిజిటల్ సెట్లోంచి స్పష్టంగా వినపడింది. ఆ "ఇరవై" పెట్టెకీ కట్టకీ మధ్యలో పోయింది.

ఎందుకు పోయిందో చూడండి. పడవ మాట మన దగ్గరి డిజిటల్ సెట్లో విప్పుకుని రావాలి. గొంతు వచ్చిందని వాక్స్ గుర్తుపట్టాలి. వీహెచ్‌ఎఫ్ సెట్ పీటీటీ పడి ట్రాన్స్‌మిటర్ పైకి లేవాలి. కట్ట మీది సెట్లు సీటీసీఎస్‌ఎస్ టోన్ (ఇది తమ బృందం మాటేనని చెప్పేందుకు గొంతుతో పాటు వచ్చే గుర్తు స్వరం) పట్టుకుని స్పీకరు తెరవాలి. వాటిలో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే నిద్రలోంచి లేవడానికి మరికొంత. ఒక్కొక్కటి చిన్నదే, అన్నీ కలిస్తే ఒక మాట మింగేస్తాయి. వరదలో ఆ మాట మీదే ఎన్ని పడవలు పంపాలో ఆధారపడుతుంది.

ఈ పెట్టెలో నాకు అన్నిటికన్నా నచ్చిన నాబ్ దీనికోసమే ఉంది. ఆడియో డిలే అని ఉంటుంది. వచ్చిన మాటను కాసేపు లోపల పట్టి ఉంచి, అవతలి సెట్ లేచాకే వదులుతుంది. దాన్ని 400 మిల్లీసెకన్ల దగ్గర పెట్టి, అన్ని సెట్లలో బ్యాటరీ సేవర్ తీసేయించాక "ఇరవై ముగ్గురు" పూర్తిగా వినపడింది. డిలే లేని చవక పెట్టెలు కూడా దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. అయినా సరే, పీటీటీ నొక్కి ఒక ఊపిరి ఆగి మాట్లాడమని, అంకెను రెండుసార్లు చెప్పమని అందరికీ నేర్పించాం.

రెండో తలనొప్పి సెట్లు తమలో తామే మాట్లాడుకోవడం. ఇటు మాట అయిపోగానే పెట్టె అటు సెట్ పీటీటీ వదులుతుంది. ఆ సెట్ రిసీవ్‌లోకి తిరిగొస్తూ స్పీకర్లో ఒక చిన్న బుస్సుమనే చప్పుడు చేస్తుంది. వాక్స్ దాన్ని కూడా గొంతే అనుకుని ఇటు సెట్ పీటీటీ నొక్కుతుంది. ఇటు వదలగానే ఇక్కడా అదే చప్పుడు. ఇక ఎవరూ మాట్లాడకపోయినా రెండు ఛానెళ్లూ టకటకా కొట్టుకుంటూనే ఉంటాయి. దీనికి లాకౌట్ నాబ్ ఉంది, ట్రాన్స్‌మిట్ అయ్యాక కొద్దిసేపు ఆ సెట్ మాటను పట్టించుకోకుండా ఉండేందుకు. తక్కువ పెడితే టకటక ఆగదు, ఎక్కువ పెడితే వెంటనే జవాబిచ్చినవాడి మొదటి మాట పోతుంది. నాకు అర సెకను లోపే కుదిరింది. హ్యాంగ్ టైమ్, అంటే మాట ఆగాక కూడా పెట్టె పీటీటీ పట్టి ఉంచే సమయం, మాత్రం సెకను దాకా ఉంచండి, లేకపోతే మనిషి మాట వెతుక్కుంటూ ఆగిన ప్రతిసారీ లింకు తెగుతుంది. మాట అయిపోగానే మోగే రోజర్ బీప్, బటన్ నొక్కితే మోగే కీ బీప్, ఛానెళ్లు వెతికే స్కాన్ అన్నీ ఆపేయాలి. బీప్ కూడా వాక్స్‌ని లేపుతుంది.

లెవెల్, అంటే మాట ఎంత బిగ్గరగా పోవాలన్న సంగతికి వస్తే, ఆడియో స్పీకర్ జాక్ నుంచి వస్తోంది కాబట్టి సెట్ వాల్యూమ్ ఎవరైనా తిప్పారంటే చేసిందంతా పోతుంది. సగం దగ్గర పెట్టి నాబ్ మీద టేపు వేసేయండి. గట్టిగా మాట్లాడినప్పుడు మాత్రమే ఎర్ర లైటు మిణుకుమనాలి. పంపే లెవెల్‌ని మీటరు చూసి కాదు, మూడో సెట్ పట్టుకుని దూరంగా వెళ్లి చెవితో చూడాలి. నేరుగా వచ్చిన గొంతు, పెట్టె గుండా వచ్చిన గొంతు ఒకే తీరుగా వినపడాలి. వరదలో జనం అరుస్తూ మాట్లాడతారు, కాబట్టి పరీక్షించేటప్పుడూ అరవండి.

యాంటెనాల గురించి మాన్యువల్‌లో ఒక్క వాక్యమే ఉంది, అది చాలదు. 150 మెగాహెర్ట్జ్ దగ్గర పంపితే దాని మూడో హార్మోనిక్ (మూడింతల ఫ్రీక్వెన్సీలో పుట్టే అక్కర్లేని సిగ్నల్) 450 దగ్గర పడుతుంది, అంటే నేరుగా యూహెచ్‌ఎఫ్ సెట్ నెత్తిన. రెండు హ్యాండ్‌సెట్లను పెట్టె మీద పక్కపక్కన నిలబెడితే ఒకటి పంపుతున్నంతసేపూ రెండోది చెవిటిదే. మేం వీహెచ్‌ఎఫ్ యాంటెనాను వెదురు గడకి కట్టి పైకి లేపాం, యూహెచ్‌ఎఫ్‌ను జీపు బానెట్ వైపు పెట్టాం, కేబుళ్లకు అక్కర్లేని సిగ్నల్‌ని అడ్డుకునే ఫెర్రైట్ రింగులు తొడిగాం. గరగర పోయింది.

లోపాలూ చెప్పాలి. నాబ్‌లకు తాళం లేదు, ములుగు రోడ్డు మీద జీపు కుదుపులకే రెండు నాబ్‌లు జరిగాయి. జాక్‌ల మీద మూతలు లేవు, వానలో వాడాల్సిన వస్తువుకు ఇది పెద్ద లోపం. ఎండలో డిస్‌ప్లే కనపడదు. ఈ విషయాలు అమ్మినవాళ్లకు ఫోన్ చేసి చెప్పాను, విన్నారు, రాసుకున్నారు.

ఒక్కో సెట్‌కీ విడిగా ఆన్-ఆఫ్ స్విచ్ ఇచ్చారు, అది బంగారం. ఎవరి సెట్లోనైనా పీటీటీ ఇరుక్కుపోతే కలిపిన ఛానెళ్లన్నీ ఒక్కసారే మూసుకుపోతాయి, ఆ ఒక్క లైను తీసేస్తే మిగతావాళ్లు మాట్లాడుకోవచ్చు. అందుకే మనిషి పక్కనే ఉండాలన్నాను. ఇంకో మాట, అందరి ఛానెళ్లనూ కలపొద్దు. మేడారం జాతరలో జంపన్నవాగు దగ్గర గజ ఈతగాళ్ల ఛానెల్ మొత్తాన్ని ఇంకో బృందంతో కలిపితే ఎవరి గోల ఎవరిదో తెలియక ఇద్దరి పనీ ఆగుతుంది. ప్రతి బృందంలో నాయకులు మాట్లాడుకునే ఒక్క ఛానెల్ కలిపితే చాలు.

కొనాలనుకునేవాళ్లు ముందు మీ మండలంలో ఎవరెవరి దగ్గర ఏ మోడల్ సెట్లు ఉన్నాయో తిరిగి రాసుకోండి. ఆ జాబితా పట్టుకుని కేబుళ్లకు ఆర్డరు ఇవ్వండి, పెట్టె తర్వాత. ఒక్కో సెట్‌కి కుదిరిన డిలే, లాకౌట్, లెవెల్ అంకెలను అట్ట మీద రాసి పెట్టె మూత లోపల అతికించండి. నాబ్‌లు జరిగినా మళ్లీ పెట్టుకోవచ్చు.